ఫోర్ వీల్ వేసినా బండి ఎందుకు దిగబడింది?

ప్రశ్న: బెంగళూరు కె.ఆర్. పురంలో ఉంటాం. ఈ మధ్యే సెకండ్ హ్యాండ్‌లో టొయోటా హైలక్స్ పికప్ కొన్నాను. శ్రీనివాసపురం దగ్గర మా మామగారి మామిడితోటకు తరచూ వెళ్లొస్తుంటాం. మొన్న వాన పడ్డాక తోట దారిలో చెరువు మొరవ (నిండిన నీళ్లు పొర్లిపోయే అలుగు) దాటుతుంటే బండి ఇరుక్కుపోయింది. ఫోర్ వీల్ వేసే ఉంది. అయినా ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం గిర్రున తిరుగుతున్నాయే తప్ప మిగతా రెండూ కదల్లేదు. డిఫరెన్షియల్ లాక్ (డిఫ్ లాక్) బటన్ నొక్కి గట్టిగా రేజ్ చేశాను. లైటు మినుకుమినుకుమంటూ ఉండిపోయింది, బండి ఇంకాస్త కిందికి దిగింది. చివరికి మామగారి ట్రాక్టరే లాగింది. అంత ఖరీదు పెట్టి కొన్న బండి అని ఊళ్లో అందరూ నవ్వారు. థార్ ఉన్న మా ఫ్రెండ్ ‘మట్టి రోడ్డు ఎక్కగానే లాక్ పడుతుంది, దాని గురించి మర్చిపోవడమే, నువ్వూ అలాగే వేసి ఉంచు’ అంటున్నాడు. ఇంకో సంగతి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఒకసారి ఫోర్ వీల్ తీయకుండానే మలుపు తిప్పితే బండి కుదుపులు కుదుపులుగా లాగింది, టైర్లు కీచుమన్నాయి. డిఫరెన్షియల్ పోయిందని, విప్పాలని మెకానిక్ అంటున్నాడు. లాక్ అసలు ఎప్పుడు వేయాలి? వానల్లో సిటీ రోడ్ల మీద వేస్తే సేఫేనా? ముందు యాక్సిల్‌కు (ఇరుసుకు) కూడా లాకర్ పెట్టించమంటారా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మెకానిక్ సంగతితో మొదలుపెడదాం, డబ్బు పోయేది అక్కడే కాబట్టి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ డిఫరెన్షియల్‌కు, అంటే ఇరుసు మధ్యలోని గేర్లకు, ఏమీ కాలేదు. హైలక్స్‌ది పార్ట్ టైమ్ ఫోర్ వీల్. నాబ్ హెచ్4కి (మామూలు వేగం ఫోర్ వీల్) తిప్పగానే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకే వేగంతో తిరిగేలా ట్రాన్స్‌ఫర్ కేస్ (బలాన్ని ముందుకూ వెనక్కీ పంచే గేర్ల పెట్టె) బిగించేస్తుంది. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకంటే పెద్ద చుట్టు తిరగాలి. మట్టిలో అయితే టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి కాంక్రీటు మీద జారడానికి వీల్లేదు. ఆ ఒత్తిడంతా షాఫ్టుల్లో మెలిపడి, ఇక పట్టలేనప్పుడు ఏదో ఒక టైరు చటుక్కున జారుతుంది. మీరు చూసిన కుదుపూ, విన్న కీచు శబ్దమూ అవే. హెచ్2లో (టూ వీల్) పెట్టి అదే బేస్‌మెంట్‌లో అదే మలుపు తిప్పి చూడండి. బండి మెత్తగా తిరిగితే డిఫరెన్షియల్ హౌసింగ్ (బయటి పెట్టె) జోలికి ఎవరినీ రానివ్వకండి. హెచ్2లోనూ కటకటమంటే అప్పుడు విప్పించవచ్చు.

దీన్ని బట్టే మీ అసలు ప్రశ్నకు దారి దొరుకుతుంది. ఫోర్ వీల్ వేయడం వేరు, డిఫ్ లాక్ వేయడం వేరు. ఫోర్ వీల్ ముందు యాక్సిల్‌నూ వెనక యాక్సిల్‌నూ కలుపుతుంది. ఒకే యాక్సిల్ మీదున్న ఎడమ చక్రం, కుడి చక్రం మాత్రం ఇంకా విడివిడిగానే ఉంటాయి. వాటి మధ్య డిఫరెన్షియల్ ఉంది. రోడ్డు మీద మలుపుల్లో లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం వేగంగా తిరగడానికే దాన్ని పెట్టారు. దానివల్ల వచ్చే చిక్కు ఏమిటంటే, అది రెండు చక్రాలకూ దాదాపు ఒకే బలం ఇస్తుంది. గాల్లో లేచిన చక్రం తిరగడానికి బలం దాదాపు అక్కర్లేదు. కాబట్టి గట్టినేల మీదున్న రెండో చక్రానికీ అంతే వస్తుంది, అంటే ఏమీ రానట్టే. ‘పవరంతా జారే చక్రానికే పోతోంది’ అని అందరూ అంటారు గానీ, పవర్ అక్కడికి పోవడం కాదు సమస్య, ఇవతలి చక్రానికి రాకపోవడం.

మొరవను మీరు ఏటవాలుగా దాటి ఉంటారు. అలా దాటితే ముందు ఒక మూల, వెనక దానికి ఎదురు మూల తేలిపోతాయి. మీకు ముందు ఎడమ, వెనక కుడి చక్రాలు తిరిగాయి కదా, సరిగ్గా ఇదే. ప్రతి యాక్సిల్‌లోనూ ఒక్కో చక్రం తేలిపోయింది కాబట్టి నాలుగు చక్రాల బండీ కదలదు. పైగా ఖాళీ పికప్‌కు వెనక భాగం తేలిక. వెనక ఇరవై క్రేట్ల కాయలు ఉండి ఉంటే ఆ కుడి చక్రం బహుశా అంత తేలేది కాదు.

డిఫ్ లాక్ చేసే పని ఒక్కటే. ఆ యాక్సిల్ మీద రెండు చక్రాలనూ ఒకే కమ్మీకి బిగించినట్టు చేస్తుంది. ఒకటి గాల్లో ఉన్నా రెండోది దానితో పాటు తిరగక తప్పదు. మీ హైలక్స్‌లో ఇది వెనక యాక్సిల్‌కే ఉంది.

మీ మామగారి ట్రాక్టర్ డ్రైవర్‌కు ఈ సంగతంతా ఎవరూ చెప్పకుండానే తెలిసి ఉంటుంది. ట్రాక్టర్‌లో కుడికాలి మడమ దగ్గర చిన్న పెడల్ ఒకటి ఉంటుంది, అదే డిఫ్ లాక్. దమ్ము చేసేటప్పుడు ఒక చక్రం బురదలో తిరిగిపోతుంటే మడమతో నొక్కుతారు, బండి బయటపడగానే కాలు తీసేస్తారు. దున్నే చాలు చివర మలుపు దగ్గర ఆ పెడల్ మీద కాలు పెట్టే డ్రైవర్ ఎక్కడా కనబడడు. మీ హైలక్స్‌కు కావాల్సిన శిక్షణలో ముప్పాతిక అక్కడే ఉంది. మిగతా పాతిక కూడా అక్కడే ఉందనుకోండి. తిరిగిపోతున్న వైపు బ్రేకు ఒక్కటే నొక్కి రెండో చక్రానికి బలం పంపే కిటుకు కూడా వాళ్లకు తెలుసు. ఇప్పటి బండ్లలో ట్రాక్షన్ కంట్రోల్ చేసేది సరిగ్గా ఆ పనే. కాకపోతే కాలికి బదులు కంప్యూటర్ నొక్కుతుంది. మారుతి జిమ్నీలో లాకే లేదు, పనంతా ఈ బ్రేకుల పద్ధతితోనే నడుస్తుంది.

ఇక మినుకుమన్న లైటు. లైటు మినుకుతోందంటే ‘నువ్వు అడిగావు, నేనింకా వేయలేదు’ అని బండి చెబుతోందని అర్థం. లోపల పళ్లు పళ్లలో కూర్చోవాలి. ఒక చక్రం గిర్రున తిరుగుతూ రెండోది ఆగి ఉంటే అవి కూర్చోవు. కూర్చుంటే మరీ ప్రమాదం, ఏ పన్నో విరుగుతుంది. అందుకే బండి నడక వేగం దాటితే ఒప్పుకోదు, ఏ రేంజ్‌లో ఒప్పుకుంటుందో మీ బండి మాన్యువల్‌లో రాసి ఉంటుంది. నన్నడిగితే లాక్ అవసరమయ్యే చోట మీరెలాగూ ఎల్4లోనే (నెమ్మది వేగం, ఎక్కువ బలం ఉన్న ఫోర్ వీల్) ఉండాలి. యాక్సిలరేటర్ మీద కాలు తీసేయండి. చక్రాలన్నీ ఆగాలి. స్టీరింగ్ తిన్నగా పెట్టండి. బటన్ నొక్కి, క్లచ్ మెల్లగా వదిలి (ఆటోమేటిక్ అయితే బ్రేకు మెల్లగా వదిలి) జానెడు కదలనివ్వండి. వెనక నుంచి చిన్న టక్‌మన్న శబ్దం వస్తుంది, లైటు నిలకడగా వెలుగుతుంది. అప్పుడు రేజ్ చేయండి, అదీ మెత్తగా. టొయోటా బండ్లలో లాక్ పడగానే ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది) లైటు, స్టెబిలిటీ (బండి అదుపు తప్పి జారకుండా చూసేది) లైటు కూడా వెలుగుతాయి. అది చూసి టెన్షన్ పడకండి, లాక్‌లో ఉన్నంతసేపు అవి పనిచేయవని చెప్పడానికే. కానీ ఏబీఎస్ లేకుండా నడుపుతున్నానన్న సంగతి మాత్రం మర్చిపోవద్దు.

ఇంతకీ మీరు లాక్ నొక్కాల్సింది మొరవలో ఇరుక్కున్నాక కాదు, మొరవకు పది అడుగుల ఇవతల, గట్టినేల మీద. గుంత చూశారు, ఏ చక్రం తేలుతుందో ఊహించారు, తిన్నగా పోవాల్సిన దారే అనుకున్నారు. అప్పుడు వేసుకుని దిగాలి. రేజ్ చేసే కొద్దీ మీ బండి ఇంకా కిందికి దిగింది కదా, ఆ చక్రం గుంత తవ్వుకుంది. చివరికి హౌసింగ్ నేలకు ఆనుకుంటే ఇక లాకూ పనిచేయదు. పారతో మట్టి తీసి, చక్రాల కింద రాళ్లో కొమ్మలో వేయాల్సిందే. ఒడ్డెక్కగానే లాక్ తీసేయాలి. బటన్ తీసినా లైటు ఆరకపోతే యాక్సిల్‌లో ఇంకా మెలి మిగిలి ఉందన్నమాట. రెండు మూడు గజాలు తిన్నగా వెనక్కి, మళ్లీ ముందుకు పోనిస్తే వదిలేస్తుంది.

మీ ఫ్రెండ్ మాట ఆయన బండికి పనికొస్తుందేమో గానీ మీ బండికి పనికిరాదు. మూడు తలుపుల థార్‌లో, ఆ సదుపాయం ఉన్న వేరియంట్లలో, వెనక మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ వస్తుంది. దానికి బటనే ఉండదు. రెండు చక్రాల వేగంలో తేడా నిమిషానికి వంద చుట్లు దాటితే దానంతటదే ఠకీమని బిగుసుకుంటుంది, బండి వేగం పెరిగితే బిగుసుకోదు. అంటే ఆయన చక్రం కాస్త తిరగనిచ్చి, రేజ్ నిలకడగా పట్టి ఉంచితేనే లాక్ పడుతుంది. మీరు సరిగ్గా దానికి ఉల్టా చేయాలి. ఆయన అలవాటు మీ బండిలో ప్రయోగిస్తే మొన్న జరిగిందే జరుగుతుంది. ఐదు తలుపుల థార్ రాక్స్ ఫోర్ వీల్‌లో మళ్లీ బటన్‌తో వేసే ఎలక్ట్రానిక్ లాక్ ఉంది. ఫోర్స్ గూర్ఖాలో ముందూ వెనకా రెండింటికీ డ్రైవరే వేసుకునే లాకులు ఉన్నాయి. కాబట్టి ఎవరైనా ఆఫ్‌రోడ్ సలహా ఇస్తే ముందు ‘మీ బండిలో ఉన్నది ఏ రకం లాక్?’ అని అడగండి.

మట్టిరోడ్డు ఎక్కగానే వేసి ఉంచితే ఏమవుతుంది? తిన్నటి దారిలో పెద్దగా ఏమీ కాదు. మలుపులోనే వస్తుంది తంటా. వెనక రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాలని పట్టుబడతాయి, బండిని తిన్నగా ముందుకు నెడతాయి. స్టీరింగ్ మీరు ఎంత తిప్పినా ముందు చక్రాలు తడిమట్టి మీద జారుతూ నేరుగా కంచెలోకి పోతాయి. గట్టి రోడ్డు మీద అయితే టైరు అరుగుతుంది, మెలిపడి హాఫ్ షాఫ్టు (డిఫరెన్షియల్ నుంచి చక్రానికి వెళ్లే కమ్మీ) మీద భారం పడుతుంది.

వీటన్నిటికంటే నాకు భయం వేసేది పక్కవాలు. మీ దారిలో చెరువు మొరవ ఉందన్నారు, అంటే చెరువు కట్ట కూడా ఉండొచ్చు కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను. కట్ట మీద దారి ఒక పక్కకు వాలి ఉంటుంది. ఎర్రమట్టి, పైన సన్నటి తడి, కింద గట్టినేల. లాక్ లేనప్పుడు ఒక వెనక చక్రం జారి తిరిగినా రెండోది దాదాపు ఊరికే దొర్లుతూ ఉంటుంది. దొర్లే చక్రానికి పక్కకు జారకుండా పట్టు ఉంటుంది, బండి వెనక భాగాన్ని అదే నిలబెడుతుంది. లాక్ వేస్తే రెండూ కలిసే తిరుగుతాయి. జారితే రెండూ కలిసే జారతాయి. అప్పుడు బండి తోక వాలు వైపు, అంటే చెరువు వైపు కదులుతుంది. భయపడి రేజ్ చేశారా, ఇంకా వేగంగా కదులుతుంది. అలాంటి చోట లాక్ తీసేసి ఎల్4లో మొదటి గేరులో, ట్రాక్షన్ కంట్రోల్‌ను దాని పని చేసుకోనిచ్చి వెళ్లండి. తోక జారడం మొదలైతే రేజ్ తగ్గించి ముందు చక్రాలను వాలు దిగే వైపు కొద్దిగా తిప్పాలి. కట్ట అంచున అందుకు చోటు ఉండదు కాబట్టి, వాన పడిన రోజున ఆ కట్ట ఎక్కకపోవడమే మేలు. బండి ఇవతల ఆపి తోటకు నడిచి వెళితే మామగారి దగ్గర పరువు పోదు.

సిటీ ప్రశ్నకు జవాబు చిన్నది: వేయకండి. వాన పడిన అవుటర్ రింగ్ రోడ్డు నున్నగా ఉంటుంది గానీ అది తారే. అక్కడ మీకు కావాల్సింది ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్. లాక్ వేస్తే ఆ రెండే పోతాయి. నీళ్లు నిలిచిన అండర్‌పాస్ దగ్గరైతే లాక్, ఫోర్ వీల్, ఎత్తు, ఏవీ లెక్కలోకి రావు. హైలక్స్ 700 మిల్లీమీటర్ల నీళ్లలో వెళ్లగలదని కంపెనీ చెప్పేది నేల కనిపించే వాగుల సంగతి. 2023 మేలో బెంగళూరు కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో కారు మునిగి మన ఆంధ్రా అమ్మాయి చనిపోయింది. ఆ నీళ్లు ఎంత లోతో బయటి నుంచి చూసి ఎవరూ చెప్పలేరు. వెనక్కి తిప్పుకుని రావడమే.

ముందు యాక్సిల్‌కు లాకర్ వద్దనే అంటాను. జేసీ రోడ్డులో తిరిగితే, పెట్టిస్తామనేవాళ్లు దొరుకుతారు. ఏఆర్‌బీ లాంటి ఆస్ట్రేలియా కంపెనీల ఎయిర్ లాకర్లు (గాలి ఒత్తిడితో పనిచేసేవి) మంచివే. కానీ దాన్ని పెట్టాలంటే హౌసింగ్ విప్పి, క్రౌన్, పినియన్ అనే లోపలి గేర్ల మధ్య సందు మళ్లీ సరిగ్గా కుదర్చాలి. ఆ సందు కుదర్చడం చేతిపని. కుదరకపోతే మొదట మూలుగుతుంది, తర్వాత పళ్లు పోతాయి. కంప్రెసర్, పైపులు, వైరింగు అదనం. ముందు లాక్ వేస్తే స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉంచి రేజ్ చేస్తే ముందు చక్రాన్ని తిప్పే సీవీ జాయింట్ (కీలు) విరగడానికి అదే చాలు. వారంటీ ఏమైనా మిగిలి ఉంటే దాని మీద గొడవ, ఇన్సూరెన్స్ క్లెయిమ్ రోజున ఇంకో గొడవ. కొండరాళ్లు ఎక్కే పోటీలకు వెళ్లేవాళ్లకు అది కావాలి. మామిడితోటకు అక్కర్లేదు.

ఆ డబ్బులో చిన్న ముక్కతో రెండు వస్తువులు కొనండి: మంచి ప్రెషర్ గేజ్, సిగరెట్ లైటర్‌కో బ్యాటరీకో తగిలించే కంప్రెసర్. మెత్తటి మట్టిలోకి దిగే ముందు టైర్లలో గాలి 20-22 పీఎస్‌ఐకి దించితే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది. లాక్ బటన్ కంటే ముందు చేయాల్సిన పని ఇదే. చాలాసార్లు లాక్ అవసరమే రాదు. రోడ్డెక్కే ముందు మళ్లీ నింపడం మాత్రం తప్పనిసరి. తగ్గించిన గాలితో హైవే మీద వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది.

మామగారి తోటలోనే వాన లేని రోజున సాధన చేయండి. ముందు ఎడమకు ఒక గుంత, వెనక కుడికి ఒక గుంత తవ్వించి బండిని వాటిలోకి మెల్లగా దించండి. లాక్ లేకుండా ఏం జరుగుతుందో, లాక్‌తో ఏం జరుగుతుందో మీరే చూస్తారు. ఒకరు బయట, బండికి ఎదురుగా కాకుండా పక్కగా నిలబడి ఏ చక్రం తిరుగుతోందో చెప్పాలి. లోపల కూర్చున్నవాళ్లకు అది తెలియదు. ట్రాక్టర్‌తో లాగించాల్సి వస్తే గొలుసును ట్రాక్టర్ కింది హుక్కుకే తగిలించండి. పైన ఎక్కడో కడితే ట్రాక్టరే ముందుకాళ్లు ఎత్తి వెనక్కి పడుతుంది. ఆ గొలుసు దరిదాపుల్లో పిల్లల్ని ఉండనివ్వకండి.

సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ఆఖరుగా ఒక మాట. పాత ఓనర్ ఆ లాక్‌ను ఒక్కసారీ వేసి ఉండకపోవచ్చు. ఏళ్లతరబడి కదలనిది అవసరానికి కదలదు. నెలకోసారి వదులు మట్టిలో తిన్నగా పోతూ వేసి తీయండి. ఈసారి సర్వీస్‌లో వెనక హౌసింగ్ ఆయిల్ మీ కళ్ల ముందే దించమనండి. పాలు కలిసినట్టు తెల్లగా వస్తే లోపలికి నీళ్లు పోయాయని అర్థం. అలాగైతే ఆయిల్ మార్చడంతో పాటు యాక్సిల్ లోపలి గాలి బయటకు పోయే బ్రీదర్ పైపు ఊడిపోయిందో, మూసుకుపోయిందో కూడా చూడమనండి.